పేషెంట్‌కి ఇంటి క్యారేజీ ఆపడం కరెక్టేనా?

నెల్లూరు_పులుసు:
మా అమ్మకి వారానికి మూడు డయాలసిస్‌లు, ఇప్పుడు ఇన్ఫెక్షన్‌తో అడ్మిట్ చేశాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను క్యారేజీ ఆపేశాడు, బయట ఫుడ్ నాట్ అలౌడ్ అంట. లోపల ఇచ్చే చప్పిడి కూర ఆవిడ నోట్లో పెట్టుకోవట్లేదు, బిల్లులో మాత్రం డైట్ ఛార్జీ రోజూ పడతానే ఉంది. పేషెంట్ల తాలూకు వాళ్ళకి కింద క్యాంటీన్‌లో బజ్జీలు దర్జాగా అమ్ముతున్నారు మళ్ళీ. ఇది పేషెంట్ మంచికా, వాళ్ళ వ్యాపారానికా?

డైట్‌సెక్షన్:
నేను ఆస్పత్రి కిచెన్‌లోనే పని చేస్తా. అన్నా, క్యారేజీలో ఏముందో మీరు చెప్పలేదు. డయాలసిస్ వాళ్ళకి ఇంటి నుంచి ప్రేమగా వచ్చేవి కొబ్బరిబోండం, అరటిపండు, టమాటా పప్పు, అన్నిట్లో పొటాషియమే, డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య అది ఒంట్లో పేరుకుపోతే గుండె లయ తప్పుద్ది, ముందుగా మనిషికి తెలియకపోవచ్చు కూడా. అందుకే మేం కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తాం, రుచి కూడా వాటితోనే పోతుంది, నిజమే. చప్పగా ఉందని కొందరు లో-సోడియం ఉప్పు కొనుక్కొచ్చి చల్లుకుంటారు, దాంట్లో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడ్ అండీ బాబూ!

ఇంకోటి, పొద్దున ఆరింటికి వండి బస్సులో తెచ్చి మధ్యాహ్నం రెండింటికి పెట్టే అన్నం. 60 డిగ్రీల కిందకి దిగి గంటలు గడిస్తే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, వాంతులు తెప్పించే దాని విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మనకైతే రెండు వాంతులతో సరిపోద్ది, క్యాన్సర్‌కి కీమో తీసుకుంటూ ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గినోళ్ళ సంగతేంటి?

ఓరుగల్లు_పోరడు:
గవన్నీ కార్పొరేట్ ముచ్చట్లు. మా తెలంగాణల సర్కారు దవాఖానలల్ల పేషెంటుకు రోజుకు 40 రూపాయల డైట్ ఉండె, 2022ల 80 చేసిండ్రు, టీబీ అసొంటోళ్ళకు 56 ఉన్నది 112 అయింది. పొద్దుగాల్ల నుంచి రాత్రి దాంక అన్నీ ఆ పైసలల్లనే ఎల్లాలె. ఇంటి టిఫిన్ డబ్బా బంద్ పెట్టుడు అల్కగనే ఉంటది, ముందుగాల లోపట తినేటట్టు పెట్టుండ్రి.

పల్లీలొద్దు_బాబోయ్:
అందరూ తప్పు ఇంటి తిండిదే అన్నట్టు మాట్లాడుతున్నారు. మా బాబుకి పల్లీ ఎలర్జీ. జ్వరంతో చేర్పించినప్పుడు చెప్తే నర్సు "మందులకేమైనా ఉందా అమ్మా" అంది, కేస్ షీట్‌లో ఎలర్జీ గడి మందులకేనంట. కిచెన్‌కి వెళ్ళిన చీటీ మీద సాఫ్ట్ డైట్ అని తప్ప ఇంకేం లేదు. ఇడ్లీలోకి తెల్ల చట్నీ వచ్చింది, ట్రే తెచ్చినతను కొబ్బరి అన్నాడు, వాసన చూస్తే పల్లీ! చిక్కదనానికి కొబ్బరి చట్నీలో కూడా పల్లీలు వేసేస్తారు కదా మనోళ్ళు. గొంతు వాస్తే అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి, ఆ పూట వార్డులో ఎంతమందికి అది తట్టేదో దేవుడికే తెలియాలి. ప్యాకెట్లకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్రం ఆహార భద్రతా సంస్థ) 2020 లేబుల్ రూల్స్ ఉన్నాయి, పల్లీ, పాలు, గుడ్డు, సోయా ఉంటే రాయాలి (నువ్వులు ఆ లిస్టులో లేవు, అమెరికాలో 2023 నుంచి అవీ రాయాల్సిందే). మరి ట్రేలో వచ్చే గిన్నెకి లేబుల్ ఎవరు వేస్తారు? నేనైతే ఇంటి నుంచే తెస్తా, ఎవరాపుతారో చూస్తా.

డైట్‌సెక్షన్:
అక్కా, చీటీ మీద పల్లీ వద్దు అని రాసే గడి ఉండాలి, అందులో రెండో మాట లేదు. కానీ క్యారేజీలు అందరికీ వదిలేస్తే పక్క బెడ్ ఆంటీ మీ బాబు చేతిలో పల్లీ ఉండ పెడుతుంది, అప్పుడు?

గోదారి_కోడలు:
నాకు సిజేరియన్ అయినప్పుడు పప్పు తింటే కుట్లకి చీము పడుద్దని మా అత్తయ్యగారు ఆస్పత్రి పప్పు పక్కన పెట్టేసి వెల్లుల్లి కారం అన్నమే తెచ్చేవారు. గాయం మానడానికి ప్రోటీన్ కావాలని డాక్టరమ్మ మొత్తుకున్నా వినలేదు. చివరికి డైటీషియన్ మూత తీసి చూసి, కారం ఉంచుకోండి, పక్కన గుడ్డు పెట్టండి అంది, గొడవ అక్కడితో సర్దుకుంది. గేటు దగ్గర సెక్యూరిటీ కాకుండా ఆవిడ చూడాలి క్యారేజీని.

నెల్లూరు_పులుసు:
నీళ్ళు పారబోసి వండటం మా ఇంట్లోనూ చేస్తాం, కావాలంటే డైటీషియన్‌కి రాసిచ్చి సంతకం పెడతా. సరే, తినని ట్రేకి బిల్లెందుకో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలా.