పెరుగన్నంలో మామిడిపండు కాకుండా, తీపీ కారం కలిపి తినేవి మనకి ఇంకేమున్నాయి?

బెజవాడబ్బాయి:

అందరికీ నమస్తే. ఊరు విజయవాడ, ఉద్యోగం పుణెలో. వచ్చే శుక్రవారం మా ఆఫీసులో అందరూ ఇంటి నుంచి తలా ఒకటి వండి తెచ్చి పంచుకునే భోజనం ఉంది. ఈసారి షరతు ఏమిటంటే, తీపీ ఉప్పూకారం కలిపి తినే జోడీ ఒకటి ఎవరి ప్రాంతానిది వాళ్ళు తేవాలి. గుజరాతీ అమ్మాయి ఫాఫ్డా జిలేబీ అని ముందే రాసేసుకుంది. ఇండోర్ అబ్బాయి పోహా జిలేబీ అన్నాడు. నేను మాత్రం ఇంకా ఖాళీ.

నాకు తట్టింది ఒక్కటే, పెరుగన్నంలో మామిడిపండు, పక్కన ఆవకాయ. చిన్నరసం పిండేసి, టెంక ఓ చేత్తో చీకుతూ, మధ్యమధ్యలో ఆవకాయ ఊటలో వేలు ముంచి నాకుతూ పెరిగినవాణ్ణి. ఇది చెప్తే మా టీములో ఒకాయన "పెరుగు, పండు, వెల్లుల్లి ఊరగాయ, మూడూ ఒకే కంచంలోనా!" అని కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన శ్రీఖండ్‌లో, అంటే తీపి పెరుగులో, పూరీ ముంచుకుని తింటాడు, అది తప్పు కాదు మరి.

పైగా మధ్యాహ్నానికి పెరుగు పులిసిపోతుంది. ఇక్కడి హాపూస్ గుజ్జు గట్టిది, మన రసాల్లాగా అన్నంలో కలవదు. కాబట్టి వేరేది కావాలి. మాంసం ఉండకూడదు, నాలుగు గంటలు డబ్బాలో ఉన్నా పాడవకూడదు, పదిమందికి రుచి చూపించగలగాలి. వంట ఓ మాదిరిగా వచ్చు, ఇంట్లో గ్రైండర్ ఉంది. సలహా ఇవ్వండి.

విస్తరి నియమం:

నా ఓటు దేనికీ లేదు. విస్తట్లో తీపికి ఓ మూల ఇచ్చారు పెద్దవాళ్ళు, అది ఆ మూలనే ఉండాలి. పెళ్ళిళ్ళలో గారెని పాయసంలో ముంచుకుని తినేవాళ్ళ పక్కన కూర్చోవాల్సి వస్తే నేను తర్వాత బంతికి ఆగుతాను. పులిహోర పట్టుకెళ్ళండి, ఎవరూ కాదనరు.

గోదారి పిన్ని:

ముందు పైన ఆయనకి ఓ మాట. పెసరట్టులోకి అల్లం పచ్చడి తింటారా అండీ? బెల్లం పడకుండా అది అల్లం పచ్చడి అవుతుందా? దప్పళంలో గుమ్మడికాయ, చిలగడదుంప, ఆపైన బెల్లం ముక్క ఎందుకు వేస్తున్నట్టు? కలిపి ఉడికించేస్తే లొట్టలేసుకుంటూ తింటారు, అదే తీపీ కారం పక్కపక్కన పెడితే మొహం చిట్లిస్తారు. విడ్డూరం కాకపోతే ఏమిటి!

ఇక బాబూ, నువ్వు దిబ్బరొట్టె, చెరుకు పానకం పట్టుకెళ్ళు. మాది పాలకొల్లు దగ్గర. మా వైపు దీన్ని మినపరొట్టె అని కూడా అంటాం. పానకం అన్నానని శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేసి పంచేది తెచ్చేవు. ఇది చెరుకురసాన్ని పెనంలో కాచి, బెల్లంగా గడ్డకట్టే ముందే, ఇంకా జారుతూ ఉండగా దించేసింది. బెల్లం వంట సాగే రోజుల్లో బిందె పట్టుకుని వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. జాడీలో పోసి పెట్టుకుంటే చాలాకాలం ఉండేది.

రొట్టెకి గ్లాసు మినప్పప్పు, రెండున్నర గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నాలుగు గంటలు నానాలి. నీళ్ళు పీనాసిగా పోసి గట్టిగా రుబ్బు. కడిగి పిండిన రవ్వ, ఉప్పు, జీలకర్ర కలిపి రాత్రంతా వదిలెయ్. కాస్త పులవాలి. పులవకపోతే పానకం ఉత్త తీపిలాగే ఉంటుంది, రొట్టె రొట్టెలాగే ఉంటుంది, రెండూ మాట్లాడుకోవు.

మందపాటి ఇనప మూకుడు కావాలి. పల్చటి నాన్‌స్టిక్‌లో ఈ పని పెట్టుకోవద్దు, అడుగు మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. నాలుగు చెంచాల నూనె కాగాక పిండి అంగుళంన్నర మందాన వేసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించి, వంటింట్లోంచి బయటికి వచ్చెయ్. మా నాయనమ్మ మూత మీద కూడా నిప్పులు పోసేది, పైనా కిందా ఒకేసారి కాలేది, తిరగెయ్యాల్సిన పనే ఉండేది కాదు. గ్యాసు పొయ్యి మీద అది కుదరదు కనక ఓ ఇరవై నిమిషాలకి మూత తీసి చూడు. అంచు మూకుడు నుంచి విడిపోయి, చుట్టూ సన్నగా నూనె మరుగుతూ కనిపిస్తుంది. మూకుడు ఊపితే రొట్టె మొత్తం ఒక్కటిగా కదలాలి. అప్పుడే తిరగెయ్. ఇంకో పది నిమిషాలు. పెచ్చు ఎర్రగా కాలి, గోటితో కొడితే టక్కుమనాలి. లోపల తెల్లగా, మెత్తగా ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. పానకం రొట్టె మీద పొయ్యకూడదు. పక్కన గిన్నెలో పోసి, ముక్క విరిచి, పెచ్చు వైపు ముంచాలి. పెచ్చు తొందరగా పీల్చదు, అందుకే నోట్లో కరకరలాడుతుంది. మెత్తటి వైపు ముంచావంటే గిన్నె ఖాళీ చేస్తుంది. నాలుగు ముక్కలు తిన్నాక తీపి వెగటేస్తుంది, అప్పుడు ఆవకాయ ఊటలో ఓ ముక్క అద్దుకోవాలి. మళ్ళీ పానకం. అలా మార్చి మార్చి తింటే రొట్టె ఎప్పుడు అయిపోయిందో తెలీదు.

పుణెలో పానకం దొరకదని బెంగ వద్దు. అక్కడ కాకవీ అని సీసాల్లో అమ్ముతారు చూడు, అది ఇదే. ఆ రాష్ట్రంలోనే కొల్హాపూర్, బెల్లానికి పేరున్న చోటు. అదీ దొరక్కపోతే బెల్లం తురిమి, కాసిని నీళ్ళు పోసి కరిగించి, ఇసక లేకుండా వడకట్టి మరిగించు. వేళ్ళ మధ్య జిగురుగా అంటుకోవాలి, తీగ మాత్రం సాగకూడదు. దించేముందు నిమ్మరసం నాలుగు చుక్కలు వెయ్, చల్లారాక పలుకు కట్టకుండా ఉంటుంది.

హిందూపురం వాడు:

పిన్నమ్మ చెప్పింది బాగుంది గానీ, పుణెలో ఉండేవాళ్ళకి మా ఓళిగలు (బొబ్బట్లు), చారు అయితే ఇంకా సులభంగా ఎక్కుతాది. ఎందుకంటే వాళ్ళకీ ఉండాది అది. పూరణ్ పోళీ చేసిన పొద్దు కటాచీ ఆమ్టీ చేస్తారు కదా, మా పక్క చేసే ఓళిగల చారూ అదే తోవ. కర్ణాటక సరిహద్దు కాబట్టి మాకు ఇటుది అటుది కలిసిపోయి ఉంటాది.

పప్పు నీళ్ళు ఎక్కువ పోసి ఉడకబెట్టి, పలుకు చిదగకముందే వార్చేది. పప్పులో బెల్లం వేసి నూరితే పూర్ణం. వార్చిన కట్టు పారబోయకూడదు. దాంట్లో చింతపండు పులుసు, కొబ్బరి వేసి నూరిన కారం, ఇంత పూర్ణం ముద్ద కలిపి మరగబెట్టి, ఇంగువ, కరివేపాకు, ఎండుమిరపకాయతో తిరగమాత పెట్టేది. అంటే తీపికీ కారానికీ పప్పు ఒకటే, బెల్లం ఒకటే. అందుకే నోట్లో రెండూ కొట్లాడవు. ఓళిగ తుంచి చారులో ముంచుకోని తినేవాళ్ళూ ఉండారు, అన్నంలో చారు పోసుకోని ఓళిగ కొరుక్కునేవాళ్ళూ ఉండారు. నేను రెండో రకం. మర్నాటికి చారు ఇంకా బాగుంటాది, కాబట్టి గురువారం రాత్రే చేసి పెట్టుకోవచ్చు.

పెద్ద తంటా ఒకటే, పదిమందికి ఓళిగలు తట్టాల. కొత్తగా చేసేవాళ్ళకి పూర్ణం బయటికి వచ్చేస్తాది. అది ఆలోచించుకోండి.

వరంగల్ వదిన:

గిన్ని చెప్పిన్రు గని మా మలీద యాదికి రాలేదా ఎవ్వలకు? సద్దుల బతుకమ్మ నాడు సజ్జ రొట్టెలు చేసి, వేడి మీదనే తుంచి, బెల్లం, నెయ్యి ఏసి చేత్తోని మెదుపుతం. ముద్దలు కడుతం. దానితోని సద్దులు ఉంటయి, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. బతుకమ్మను నీళ్లల్ల ఇడిసినంక చెరువు కట్ట మీదనే అందరం పంచుకుంటం. ఒకలు చేతిల మలీద పెడ్తరు, ఇంకొకలు అదే చేతిల పులిహోర పెడ్తరు. ప్లేటు లేదు, గీత లేదు. మలీదకు పులిహోరల పులుపు అంటిన బుక్క తింటే ఎర్కైతది.

తమ్మీ, నీకు ఆడ సజ్జపిండి మస్తు దొరుకుతది, బాజ్రీ అని అడుగు. ముద్దలు పొద్దుగూకినా పాడుకావు. కని రొట్టె సల్లారినంక మెదుపుత అంటే కాదు, గట్టిపడ్తది. ఇగ హైదరాబాద్ల ఉన్నోళ్లైతే రోజూ ఉప్పుప్పు తియ్యతియ్యని ఉస్మానియా బిస్కట్ ఛాయ్‌ల ముంచుకుంటనే ఉన్నరు, పైన నియమం సారు గూడ ముంచుతనే ఉంటడు కావచ్చు.

న్యూజెర్సీ నుంచి:

దిబ్బరొట్టెకి మేము ఇక్కడ మేపుల్ సిరప్ వాడుతున్నాం. పిల్లలకి పాన్‌కేక్ అని చెప్తే గొడవ లేకుండా తినేస్తున్నారు. పిన్నిగారు తిట్టకపోతే ఇంకో సలహా, ఆవకాయ బదులు కారప్పొడి నెయ్యి కూడా బానే ఉంది.

గోదారి పిన్ని:

తిట్టను లేమ్మా, పిల్లలు తింటున్నారుగా. కానీ మేపుల్ పల్చగా ఉంటుంది, పెచ్చు మీద నిలవదు. చెరుకు పానకంలో ఉండే ఆ కాస్త ఉప్పదనం కూడా ఉండదు. కారప్పొడి నెయ్యి మాత్రం నాకూ ఇష్టమే.

బెజవాడబ్బాయి:

అందరికీ థాంక్స్. ఓళిగలు తట్టే ధైర్యం లేదు. మలీద దసరాకి తప్పకుండా చేస్తాను వదినా. శుక్రవారానికి దిబ్బరొట్టె ఖాయం. ఇందాకే వీధి చివర కొట్లో కాకవీ అడిగితే వెంటనే తీసిచ్చాడు, ఇన్నాళ్ళూ అదేదో మందు అనుకుని పట్టించుకోలేదు. పిన్నిగారూ, రెండు సందేహాలు. పొద్దున్నే చేసి తీసుకెళ్తే మధ్యాహ్నానికి పెచ్చు ఉంటుందా? ఆఫీసులో మైక్రోవేవ్ ఉంది, వేడి చెయ్యనా? రెండోది, మూకుడు మాది చిన్నది, పిండి మొత్తం ఒకేసారి పట్టదు.

గోదారి పిన్ని:

మైక్రోవేవ్ జోలికి వెళ్ళకు, పెచ్చు తోలులా సాగుతుంది. చల్లటి రొట్టె కూడా పానకంతో బావుంటుంది. వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగించావంటే ఆవిరి పట్టి మెత్తబడిపోతుంది. జల్లెడ మీద పెట్టి పూర్తిగా చల్లారనిచ్చి, పల్చటి గుడ్డలో చుట్టి, అప్పుడు పెట్టుకో. ముక్కలు అక్కడే కొయ్యి, ఇంట్లో కొయ్యకు.

చిన్న మూకుడైతే మరీ మంచిది, తిరగెయ్యడం తేలిక. రెండు మూడు వాయిలు వేసుకో, ప్రతి వాయికీ నూనె మళ్ళీ కాగనివ్వాలి. మొదటి రొట్టె ఎలాగూ మూకుడికి కొంచెం పట్టేస్తుంది, అది నువ్వు తినేసి మిగతావి పట్టుకెళ్ళు. ఉప్పు మాత్రం ఇడ్లీ పిండికి వేసేదానికంటే చిటికెడు ఎక్కువే వెయ్.

విస్తరి నియమం:

ఉస్మానియా బిస్కట్ సంగతి ఎవరు చెప్పారు మీకు?