ఉచితంగా గేమ్ చేసేవాళ్లు ముందే చెప్పి మార్చాలా, అక్కర్లేదా?

అనంత_పులి (అనంతపురం):
మనం ఆడే పులిమేక గేమ్‌కు 2025 ఆగస్టు 30, శనివారం రాత్రి అప్‌డేట్ వచ్చింది. పులి ఒకే ఎత్తులో రెండు మేకల్ని వరసగా చంపే వీలు దాంట్లో తీసేశారు. మర్నాడే ఆన్‌లైన్ పోటీ. సెమీస్‌లో నా పులి ఒక మేకను దాటి దిగింది. పక్కనే ఇంకో మేక, దాని వెనక చోటు ఖాళీ. నొక్కుతున్నా, నొక్కుతున్నా, పులి కదల్లేదు. ఎత్తు అవతలివాళ్లకు పోయింది. మేకలు చుట్టూ చేరి ఆ పులిని కట్టేశాయి.

ప్లే స్టోర్‌లో కొత్తగా ఏమొచ్చిందో రాసే చోట ఒక్కో భాషకు 500 అక్షరాలు రాయొచ్చు, తెలుగులో కూడా. అక్కడ ఉన్నది “చిన్న లోపాలు సరిచేశాం” అన్న ఒక్క ముక్క. జీతం లేకుండా చేస్తున్నారు, నాకు వాళ్లంటే గౌరవమే. కానీ ఆట నియమం మార్చేటప్పుడు ముందు చెప్పాలా, వద్దా? అదొక్కటే అడుగుతున్నా.

చిత్రావతి:
చెప్పాల్సిందే. ఇందులో చర్చేముంది?

ప్రొద్దుటూరు_కోడ్:
ఆ గేమ్ చేసేవాళ్లలో నేనొకణ్ణి. పగలు ఉద్యోగం, రాత్రి అన్నం తిన్నాకే దీని పని. ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో అప్‌డేట్ పెట్టాలంటే గేమ్ ఆండ్రాయిడ్ 15కు తగ్గట్టు ఉండాలి. ఆ గడువు కోసం వారమంతా మాకెవరికీ సరిగా నిద్ర లేదు. అప్పటికి సిద్ధమైన మార్పులన్నీ అందులోనే పంపాం. రెండు మేకల సంగతి మా కోడ్ పెట్టే గిట్‌హబ్ సైట్‌లో జులై నుంచే రాసి ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఎందుకు తీశామంటే, రెండు మేకలు ఒక్క దెబ్బకు పోగానే మేకల వైపువాళ్లు ఆట మధ్యలో వదిలేసి పోతున్నారు. 23 చోట్ల పటంలో 3 పులులకు 15 మేకలు. పులికి అంత బలమిస్తే కొత్తవాళ్లు నిలబడరు.

అనంత_పులి:
గిట్‌హబ్‌లో ఇంగ్లీషులో రాసి పెడితే యాడికిలో ఫోన్‌లో ఆడుకునే పిల్లోడు చూస్తాడా తమ్ముడూ? ఇంకో మాట. గడువు పొడిగించమని ప్లే కన్సోల్‌లో, అదే మీరు గేమ్‌ను ప్లే స్టోర్‌కు పంపే చోట, అడిగితే నవంబర్ 1 దాకా ఇస్తారు. అడిగారా?

ప్రొద్దుటూరు_కోడ్:
ఆ సంగతి మాకూ తెలుసన్నా. ఎప్పటికైనా చేయాల్సిన పనే కదా అని ఇప్పుడే చేశాం.

అనంత_పులి:
అంటే అడగలేదు. అడిగుంటే ఆదివారం పోటీ పాత నియమంతోనే జరిగేది.

ప్రొద్దుటూరు_కోడ్:
పొడిగింపుకూ పోటీకీ ఏం సంబంధం?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
గడువు గొడవ వదిలేయండి ఇద్దరూ. గడువు కోసం మార్చాల్సింది గేమ్ ఏ ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు ఉందన్నది, ఆట నియమం కాదు. రెండూ ఒకే అప్‌డేట్‌లో ఎందుకు కలిపారన్నది అడగాలి.

బ్యాటిల్ ఫర్ వెస్నోత్ గేమ్‌ను 2003 నుంచి వలంటీర్లే నడుపుతున్నారు. అక్కడ వెర్షన్‌లో రెండో సంఖ్య సరి అయితే, 1.16, 1.18 లాగా, అది నిలకడైన వెర్షన్. 1.17, 1.19 లాంటి బేసివి ప్రయోగాలకు. మార్పులు ముందే చూడాలనుకున్నవాళ్లు బేసిలో ఆడతారు, మిగతావాళ్లకు టెన్షన్ ఉండదు. ఇక జీరో ఏడీ అనే గేమ్ ఉంది. అందులో మౌర్యులు కూడా ఉన్నారు, మన జిల్లా ఎర్రగుడి బండల మీద శాసనాలు చెక్కించిన అశోకుడి వంశం. అదీ వలంటీర్లదే, 2009లో కోడ్ అందరికీ తెరిచారు. 2018 మేలో ఒక విడుదల ఇచ్చి, తర్వాతది 2021 ఫిబ్రవరిలో ఇచ్చారు. అంతకాలం పోగుపడిన మార్పులు ఒక్కసారిగా చేతికొచ్చేసరికి ఆటగాళ్లు గట్టిగానే వాదించుకున్నారు.  మన గేమ్ వీటి ముందు చిన్నదే. అయినా పరీక్షకు ఒక వెర్షన్, పోటీలకు ఒక వెర్షన్ పెట్టడం మనకూ చేతనవుతుంది.

పెన్నా_గట్టు:
గేమ్ ఫ్రీ. పెళ్లికి పోయి పప్పన్నం తిని, ఉప్పు తక్కువైందని పెళ్లివారితో తగువు పెట్టుకున్నట్టుంది ఇది.

ఆదోని_టీచర్:
నేను తిని పోయినదాన్ని కాదు బాబూ. పిల్లలకు ఆట నేర్పే పాఠాలకు గొంతు నాదే. బడి అయ్యాక ఇంట్లో ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ రికార్డు చేసి పంపాను. ఎండాకాలం సెలవులు అయ్యాక నా క్లాసు పిల్లలే అడిగారు, “టీచర్, గేమ్‌లో మీ గొంతు పోయిందేం?” అని. అప్పటిదాకా నాకు తెలీదు. గ్రూపులో అడిగాను. అందరూ చూసినట్టు కనిపిస్తోంది, ఒక్కరూ పలకలేదు.

ప్రొద్దుటూరు_కోడ్:
మేడమ్, ఆడియోతో యాప్ బరువెక్కి పాత ఫోన్లలో దిగడం లేదని చాలామంది రాశారు. అందుకే తీశాం. తీసే ప్రతి ఫైలుకూ ఒక్కొక్కరికి చెప్పుకుంటూ పోతే పని సాగదు.

అనంత_పులి:
ఒక్క మెసేజ్ రాయడానికి ఎంతసేపు పడుతుంది? మనుషులంటే లెక్కలేదు మీకు, అంతే.

ప్రొద్దుటూరు_కోడ్:
లెక్క గురించి మీరు చెప్పకండి. ఆదివారం రాత్రి నా ఫోన్ నంబర్ ఎవరో గ్రూపులో పెట్టారు. అర్ధరాత్రి దాకా ఫోన్లు. ఒకటి మా అమ్మ ఎత్తింది. ఆ బూతులు ఆమె వింది. మాతో పనిచేసిన ఒకమ్మాయి ఇలాంటివి పడలేకే జూన్‌లో మానేసింది. చెబితే తిట్లు, చెప్పకపోతే తిట్లు. ఏ మార్పు అన్నా “ఓటింగ్ పెట్టండి” అంటారు. మీరు ఓటేస్తే మేం కూర్చుని రాయాలా? పని చేసేవాళ్లదే నిర్ణయం. కోడ్ తెరిచే ఉంది, కావాలంటే తీసుకుని మీ నియమంతో ఇంకోటి చేసుకోండి.

అనంత_పులి:
నంబర్ పెట్టినవాణ్ణి గ్రూపులోంచి తీసేయాలి. అమ్మగారిని తిట్టినవాణ్ణి ఎవరూ వెనకేసుకు రారు, నేనైతే అసలు రాను.

కానీ ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. నిర్ణయం మీదే, మేం బయటివాళ్లం. కొత్తగా తెరిచిన సొంత అకౌంట్‌తో గేమ్ పెట్టాలంటే 12 మంది టెస్టర్లు, అంటే ముందే ఆడి చూసేవాళ్లు, వరసగా 14 రోజులు ఉండాలని ప్లే స్టోర్ నియమం పెట్టింది కదా. ఆ పన్నెండు మందిలో నేనున్నా, మా చిన్నాన్న కొడుకున్నాడు, టీచరమ్మ ఉన్నారు. అప్పుడు మేమంతా “మన టీమ్”. రెండు మేకల ఎత్తు మీరు రాసుకుపోయింది మా నాయన దగ్గర. వరండాలో కడప బండ మీద సుద్దముక్కతో పటం గీసి, చింతగింజలు పెట్టి పొద్దుగూకే దాకా చూపించినాడు. సోమవారం ఆయన ఆడబోతే పులి రెండోసారి దూకలేదు. ఫోన్ పాడైందేమో చూడరా అని నా చేతికిచ్చినాడు. నాకు పోటీ పోయినందుకు కాదు బాధ. తీసేముందు ఆయనతో ఒక మాట అనుండాల.

చిత్రావతి:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది అన్నా.

ప్రొద్దుటూరు_కోడ్:
పెద్దాయన చూపించింది నాకు బాగా గుర్తుంది. మా ఊర్లో మాత్రం పులి ఒక ఎత్తుకు ఒక్క మేకనే చంపుతుంది. అది కూడా పెద్దవాళ్లు నేర్పిందే. ఎవరి ఊరి తీరు పెట్టాలన్నా ఇంకొకరికి కష్టంగానే ఉంటుంది. అందుకే ఎవరో ఒకరు తేల్చాలి, తేల్చేది రాత్రిళ్లు కూర్చుని రాసేవాళ్లే. ఈ మాట మీద నేను వెనక్కి పోను.

కొండారెడ్డి_బురుజు:
ఆట మొదలెట్టేటప్పుడే ఏ తీరు కావాలో ఎంచుకునేట్టు పెడితే?

ప్రొద్దుటూరు_కోడ్:
తెలిసినవాళ్లు గది కట్టుకుని ఆడే ఆటల్లో పెట్టొచ్చు. పోటీల్లో కుదరదు. ఉన్న ఆటగాళ్లే తక్కువ, రెండు ముక్కలైతే ఎవరికీ జత దొరకదు.

ఆదోని_టీచర్:
అప్‌డేట్‌కు రెండు రోజుల ముందు మార్పుల జాబితా నాకు పంపు బాబూ. ఆ 500 అక్షరాల్లో తెలుగులో నేను రాసిస్తాను. గ్రూపులో పెట్టి, వచ్చిన ప్రశ్నలు పోగుచేసి మీకు పంపుతాను. తిట్లు మీ దాకా రానివ్వను.

ప్రొద్దుటూరు_కోడ్:
పంపుతాను మేడమ్. గదుల్లో పాత తీరు సంగతి మిగతావాళ్లతో మాట్లాడి చెబుతాను. ఓటింగ్ మాత్రం ఉండదు.

అనంత_పులి:
ఓటింగ్ సంగతి నేను వదల్లేదు. ముందు ఆదివారం పోటీ మళ్లీ పెడతారో లేదో చెప్పు.