అప్‌డేట్: విజయనగరం, మేనల్లుడి ఏడీహెచ్‌డీ, టీసీ గొడవ

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం) ఉన్న 9 ఏళ్ల మేనల్లుడికి టీసీ తీసుకోమని బడివాళ్లు అంటున్నారు, ఆసుపత్రిలో వాడి వైద్యం కాగితాలు ఇవ్వట్లేదు, మా తరఫున ఎవరు మాట్లాడతారని అడిగాను కదా. తేలినవి రాస్తున్నా.

మాట్లాడటానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. పిల్లల కేసుకి ఆదాయం చూడరు, లాయరు ఉచితం. ఫోను 15100.

కాగితాలకి నోటిమాట పనికిరాదండీ. మానసిక ఆరోగ్య చట్టం 2017, సెక్షన్ 25 రాసి, తల్లో తండ్రో సంతకం పెట్టి ఇవ్వాలి. రెండో కాపీ మీద ఆసుపత్రి స్టాంపు, తేదీ వేయించుకోవాలి. ఆ స్టాంపు లేకపోతే అడిగినట్టు రుజువు ఉండదు.

అసలు చిక్కు వైకల్య సర్టిఫికెట్ దగ్గర. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు, నేర్చుకోవడంలో ఇబ్బంది (ఎస్‌ఎల్‌డీ) ఉంది. అందుకే వాడికి అది కూడా ఉందేమో తేలడానికి చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు కూడా చేయమని డాక్టర్ని అడగాలి.

డాక్టరు దగ్గరికి రెండు వారాల నోటుబుక్కు పట్టుకెళ్లండి. "అల్లరి" అని రాస్తే దండగ. "లెక్కల పీరియడు, 11:20, మూడోసారి లేచాడు, బోర్డు చూసి రాయమన్నాక" అని రాయాలి.

రాత్రిపూట మరీ ఇబ్బందైతే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సాయం) 14416, తెలుగులోనే మాట్లాడతారు.

టీసీ సంగతి ఇంకా తేలలేదు.