18 నిండని పిల్లలకు హింసాత్మక గేములు: అమ్మకాన్ని ఆపాలా, వద్దా?

మహేంద్రతనయ:
ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురాల్లో గేమ్ పార్లర్లకీ, మెమరీ కార్డులో గేములు ఎక్కించే మొబైల్ షాపులకీ వయసు నిబంధన ఉండాలంటాను. 18 నిండనివాడికి సిగరెట్టు అమ్మితే 2003 పొగాకు చట్టం కింద 200 రూపాయల దాకా జరిమానా. పిల్లలకు అశ్లీల వస్తువు అమ్మితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 295వ సెక్షన్ కింద మొదటిసారే మూడేళ్ల దాకా జైలు. ఆ సెక్షన్లో హింస ఊసే లేదు. మనిషిని ముక్కలు చేసే గేము పదేళ్లవాడికి అమ్మినా అడిగేవారు లేరు.

రాయగడ వకీలు:
ముందు దేన్ని హింస అంటారో రాయాలి కదండీ. కాలిఫోర్నియా 2005లో ఇలాంటి చట్టమే చేసి, అమ్మినవాడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా పెట్టింది. 2011 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో కొట్టేసింది. వాక్ స్వేచ్ఛ రక్షణ నుంచి అశ్లీలానికి ఉన్న మినహాయింపు హింసకు చెల్లదంది. మన రాజ్యాంగం 19(2)లో వాక్ స్వేచ్ఛకు హద్దులు పెట్టగల కారణాల్లో సభ్యత, నైతికత ఉన్నాయి కాబట్టి ఇక్కడా అదే తీర్పొస్తుందని అనను. కానీ సినిమాలకున్నట్టు గేములకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు మనకు లేదు. రాక్షసుడి తల తెగే పురాణం గేముకీ, రక్తం చిమ్మే తుపాకీ గేముకీ తేడా తేల్చాల్సింది చివరికి కానిస్టేబులే అవుతాడు. నా భయం అదే.

బరంపురం టెక్నీషియన్:
ఫోన్లో ఉచితంగా దిగే గేముకి అమ్మకమే లేదు, ఇక చట్టం ఎవర్ని పట్టుకుంటుంది? ముందు ఇంట్లో తాళం వెయ్యండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్ తెరిచి, పిల్లలకు తెలియని పిన్ పెట్టి, గేముల వయసు 12+ దగ్గర ఆపాలి. చాలామంది ఇక్కడితో సరిపెడతారు. అది ముందే ఎక్కిన గేముని తీసెయ్యదు, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలుని (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కే యాప్‌ని) ఆపదు. 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్'లో బ్రౌజర్, వాట్సాప్, ఫైల్ మేనేజర్ మూడింటికీ అనుమతి తీసెయ్యాలి. ఫోన్ పిల్లాడి దగ్గరే ఉంటే మళ్లీ ఆన్ చేస్తాడు. అప్పుడు ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ని తల్లిదండ్రుల ఫోన్ నుంచి అదుపు చేసే గూగుల్ యాప్) పెట్టాల్సిందే. ప్లేస్టేషన్‌లో (టీవీకి తగిలించే గేమ్ యంత్రంలో) పిల్లల ఖాతాకి వయసు పరిమితి పెట్టాక కొత్త యూజర్, గెస్ట్ లాగిన్ రెండూ ఆపి, పెద్దల ఖాతాకి పాస్‌కోడ్ పెట్టాలి. ఇది మరిస్తే మిగతాదంతా వృథా.

మహేంద్రతనయ:
ఇంటి సంగతి సరేనండి. పార్లర్లో యంత్రం మీది కాదు, ఖాతా మీది కాదు. యజమాని ఒకే ఖాతాతో అన్ని సీట్లూ తెరిచేస్తే మీ పిన్ ఏం చేస్తుంది? వినోదాలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా 33వ అంశంలో ఉన్నాయి, అంటే వాటిపై చట్టం చేసే అధికారం రాష్ట్రానిదే. లైసెన్సు షరతుగా పెట్టమనండి: పిల్లల సీట్లకు 18+ గేములు లేని విడి ఖాతా, మూసిన క్యాబిన్లు వద్దు, వయసు బోర్డు ఒడియాలోనూ తెలుగులోనూ. ఒడిశా ఒక్కటే పెడితే చాలదు. పర్లాకిమిడి పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. గజపతి, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ ఒకే షరతు లేకపోతే పిల్లలు సైకిలెక్కి అవతలికి పోతారు.

రాయగడ వకీలు:
లైసెన్సు షరతైతే ఒప్పుకుంటాను. అమెరికాలో చట్టం పోయాక కూడా, 2013లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 13–16 ఏళ్ల పిల్లల్ని ఒంటరిగా షాపులకు పంపితే 17+ గేము కొనగలిగింది 13 శాతమే. 2000లో అది 85. షాపులవాళ్లే వయసు అడగడం మొదలుపెట్టారు. మన మెమరీ కార్డు షాపులో బిల్లే ఉండదు కనక, ఎక్కించిన గేము పేరూ తేదీ పుస్తకంలో రాయించాలి, తనిఖీకి అదే ఆధారం. ఆధార్ జిరాక్స్ మాత్రం తీసుకోనివ్వద్దు. కార్డు చూసి తిరిగిచ్చేస్తే చాలు. కౌంటర్ కింద పోగుపడే పిల్లల కాపీలు రేపు ఎవరి చేతికి పోతాయో ఎవరూ పూచీ పడరు.