బ్యాటరీ మార్చాక ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీసెట్ చేయించాలా, అక్కర్లేదా?

మియాపూర్_సెల్లార్
ఊరెళ్లి వచ్చేసరికి కారు సెల్ఫ్ తీసుకోలేదు. 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్యాటరీ షాపతను ఇంటికే వచ్చి కొత్తది బిగించాడు. స్టార్ట్ అయితే అవుతోంది కానీ సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోతోంది, ఏసీ వేస్తే ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతోంది. ‘ఈసీయూ రీసెట్ చేయించాలి సార్, లేకపోతే సెన్సార్లు పోతాయి’ అని పదిహేను వందలు అడిగాడు. చేయించాలా?

బండి_బాగుండాలి
చేయించండి బ్రదర్. పాత బ్యాటరీ చచ్చిపోయే ముందు వోల్టేజ్ పడిపోయి ఈసీయూలో రకరకాల ఎర్రర్ కోడ్‌లు, అంటే ఫాల్ట్ నంబర్లు, పడి ఉంటాయి. స్కానర్ పెట్టి అన్నీ క్లియర్ చేస్తే కంప్యూటర్ ఫ్రెష్‌గా మొదలవుతుంది. పదిహేను వందల దగ్గర వెనకాడి, రేపు ఫ్యామిలీతో ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద వెళ్తుంటే బండి ఆగితే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

త్రాటిల్_బాడీ
నేను ఒప్పుకోను అన్నా. ఆయన కారులో టెర్మినల్ ఊడదీసినప్పుడే ఆ రీసెట్ జరిగిపోయింది. ఇప్పుడున్న ఇబ్బంది దానివల్లే వచ్చింది. అదే పని మళ్లీ డబ్బిచ్చి చేయించుకోవడం దేనికి?

ఇంజిన్‌లోకి గాలిని వదిలే త్రాటిల్ బాడీలో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. దాని అంచు చుట్టూ ఏళ్ల తరబడి నల్లటి కార్బన్ పేరుకుంటుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, ఆ సందులోంచి వెళ్లాల్సిన కాస్త గాలికి అది అడ్డం. ఈసీయూ ఆ లోటు కనిపెట్టి మెల్లమెల్లగా రేకును కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. ఆక్సిజన్ సెన్సార్ చెప్పేదాన్ని బట్టి పెట్రోల్ ఎంత వదలాలో కూడా అలాగే సరిచేసుకుని, ఆ లెక్క దాచిపెట్టుకుంటుంది. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఆ లెక్క నిలవాలంటే బ్యాటరీ కరెంటు ఉండాలి. కరెంటు పోయింది, లెక్క పోయింది, కార్బన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. రేకు ఇప్పుడు షోరూం నుంచి వచ్చిన రోజు తెరుచుకున్నంతే తెరుచుకుంటోంది. గాలి చాలట్లేదు, ఏసీ కంప్రెసర్ లోడ్ పడగానే ఇంజిన్ ఆగుతోంది. ఈ స్థితిలో రీసెట్ కొడితే, ఈ కాసేపట్లో నేర్చుకున్న కొద్దిపాటిది కూడా పోతుంది.

మీరు చేయాల్సింది దానికి టైమివ్వడం. కారును సెల్లార్‌లోంచి బయటికి తీయండి, లోపల పొగ నిలిచిపోతుంది. ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆపి స్టార్ట్ చేయండి. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకాసేపు. ఆపైన పొద్దున్నే ఓఆర్ఆర్ ఎక్కి ఒకే స్పీడులో కొంతదూరం నడపండి. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో మాత్రమే తిప్పితే నిలకడగా నడిచే అవకాశం దానికి దొరకదు. అప్పటికీ ఆర్‌పీఎం పడిపోతుంటే త్రాటిల్ బాడీ క్లీన్ చేయించండి. సెన్సార్లు పోతాయన్నది మాత్రం భయపెట్టి డబ్బులు లాగడమే.

బండి_బాగుండాలి
మరి కోడ్‌ల సంగతేంటి? డాష్‌బోర్డులో వార్నింగ్ లైట్లు వెలుగుతూనే ఉంటే ఏది నిజం ఫాల్టో ఎలా తెలుస్తుంది?

రాణిగంజ్_ఎలక్ట్రిషియన్
ఆ హ్యాచ్‌బ్యాక్ వరకు త్రాటిల్ గారు చెప్పింది కరెక్టే. కానీ దాన్ని అన్ని బళ్లకూ అంటగట్టకండి. బీఎండబ్ల్యూ, ఆడి లాంటివాటిలో నెగెటివ్ టెర్మినల్ దగ్గర ఒక సెన్సార్ బ్యాటరీ వయసును, ఛార్జ్‌ను గమనిస్తూ ఉంటుంది. కొత్తది వేశామని స్కానర్‌తో రిజిస్టర్ చేయకపోతే, పాత బ్యాటరీయే ఉందనుకుని దానికి తగ్గట్టే ఛార్జ్ చేస్తుంది. దీన్ని కస్టమర్లు రీసెట్ అంటారు, రెండూ వేరు. నిస్సాన్‌లో ఐడ్లింగ్‌కు కావాల్సిన గాలిని ఈసీయూకు మళ్లీ నేర్పడానికి ఐడిల్ ఎయిర్ వాల్యూమ్ లెర్నింగ్ అని విడిగా ఒక పద్ధతే ఉంది. కొన్నిసార్లు ఊరికే నడిపితే సరిపోదు, అది చేయాల్సిందే.

స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న కార్లకు దానికోసమే చేసిన ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ రకం బ్యాటరీ వేయాలి. రేటు తక్కువని మామూలు బ్యాటరీ వేయించుకుని, త్వరగా పోయిందని వస్తారు. దానికి ఏ రీసెట్టూ పనిచేయదు.

బ్యాటరీ మార్చాక ఆటో విండో (ఒక్కసారి నొక్కితే పూర్తిగా కదిలే అద్దం) పనిచేయకపోతే అద్దం పూర్తిగా మూసుకున్నాక కూడా స్విచ్‌ను కొన్ని సెకన్లు పైకే లాగి పట్టుకోండి. డాష్‌బోర్డులో స్టీరింగ్ లైట్ వస్తే స్టీరింగ్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పండి, చాలా బళ్లలో పోతుంది. వీటికి డబ్బులు తీసుకోవడం అన్యాయం.

కొత్త_డ్రైవర్_ఉప్పల్
రెండు కేబుళ్లు కలిపి పట్టుకుంటే పూర్తి రీసెట్ అవుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. రీసెట్ అయ్యాక వెంటనే వెళ్తే పొల్యూషన్ టెస్ట్ ఫెయిల్ అవుతుందని కూడా అంటున్నారు.

త్రాటిల్_బాడీ
కేబుళ్లు కలపడం వద్దు తమ్ముడూ. బ్యాటరీ నుంచి రెండూ ఊడదీస్తే సరే, ఒకటి తగిలి ఉండగా ఎక్కడైనా షార్ట్ అయితే వైరింగ్ కాలుతుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు నిప్పురవ్వ రాదు.

పొల్యూషన్ సంగతి అమెరికా వీడియోల్లోంచి వచ్చింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఈసీయూ తన స్వీయ పరీక్షలు పూర్తిచేసిందా అని ఓబీడీ పోర్టులో (స్కానర్ తగిలించే సాకెట్‌లో) చూస్తారు. మన పీయూసీలో (పొల్యూషన్ సర్టిఫికెట్ టెస్ట్‌లో) సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలుస్తారు. కాకపోతే ఇంజిన్ బాగా వేడెక్కాక వెళ్లు.

బండి_బాగుండాలి అన్నా, నువ్వడిగిన కోడ్‌ల విషయంలోనే నాకు అసలు అభ్యంతరం. చాలా కోడ్‌లకు, అవి పడిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, లోడ్ ఎంతున్నాయో ఈసీయూ పక్కనే రాసిపెట్టుకుంటుంది. చదవకుండా క్లియర్ కొడితే ఆ సాక్ష్యమంతా పోతుంది, ఫాల్ట్ మాత్రం ఉంటుంది. కాబట్టి ముందు చదివించాలి, ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి, ఆ తర్వాతే క్లియర్. తక్కువ వోల్టేజ్ వల్ల పడినవైతే మళ్లీ రావు.

మియాపూర్ గారూ, మల్టీమీటర్ ఉన్నవాళ్లతో రెండు రీడింగులు తీయించండి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే మీ కారులో సుమారు 13.8 నుంచి 14.4 చూపించాలి. రెండోది తక్కువుంటే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను చూపించండి. రెండోది బాగుండి మొదటిది మాత్రం రోజురోజుకూ పడిపోతుంటే, ఆపిన బండిలోనూ ఏదో కరెంటు లాగుతోందని అర్థం. అదేంటో పట్టుకోకపోతే ఈ కొత్త బ్యాటరీ కూడా సెల్లార్‌లోనే చస్తుంది.