రొమేనియా వేఫర్ స్వీటు: వెన్నా, మార్జరినా?

వంట_పిచ్చి: రొమేనియావాళ్లు క్రిస్మస్‌కి ఇళ్లలో చేసుకునే నపొలితానె చేద్దామనుకుంటున్నా. రెడీమేడ్ వేఫర్ షీట్ల మధ్య కారమెల్, పాలు, అక్రోటు పొడి కలిపిన క్రీమ్ రాసి, పైన బరువు పెట్టి, మర్నాడు ముక్కలు కోస్తారు. ఓవెన్ అక్కర్లేదు. పేచీ అంతా కొవ్వు దగ్గరే. కొందరు వెన్నే వేయాలంటారు, కొందరేమో మార్జరిన్ (నూనెలతో చేసే వెన్నలాంటి కొవ్వు) లేకపోతే ఆ రుచే రాదంటారు. ఎవరి మాట వినాలి? అసలు షీట్లు కొనుక్కుంటే అది ఇంట్లో చేసినట్టేనా?

క్లుజ్_కబుర్లు: మార్జరినే. నేనుండేది రొమేనియాలోనే, ట్రాన్సిల్వేనియా ప్రాంతంలోని క్లుజ్ ఊళ్లో. మా ఓనరమ్మ సంసారం మొదలుపెట్టింది 1980లలో. అప్పటి నియంత చౌషెస్కు విదేశీ అప్పు తీర్చడానికి తిండి సరుకుల్ని కూడా ఎగుమతి చేయించిన రోజులవి. పంచదారకీ నూనెకీ రేషన్, వెన్న కంటపడితే పండగ. అందుకే మార్జరిన్, పాలపొడి వేసేవాళ్లు. అక్రోట్లు చాలకపోతే బిస్కెట్లు దంచి కలిపేవాళ్లు. అప్పటి పిల్లలకి ఇప్పటికీ నపొలితానె అంటే ఆ రుచే.

అడ్డం_తిరిగే_అబ్బాయి: దాన్ని కరువు అంటారండీ, సంప్రదాయం అనరు. మీ ట్రాన్సిల్వేనియా 1918 దాకా ఆస్ట్రియా రాజవంశం హాబ్స్‌బర్గుల కింద ఉంది. వాళ్ల రాజధాని వియన్నాలో మానర్ కంపెనీ 1898లోనే నపొలిటన్ వేఫర్లు అమ్మింది. వేఫర్ ముచ్చట చౌషెస్కు కంటే చాలా పాతది. గతిలేక వేసినదాన్ని అసలు వంట అంటే ఎలా?

క్లుజ్_కబుర్లు: ఆ మానర్ ప్యాకెట్టే వెనక్కి తిప్పి చూడండి. అందులో ఉండేది కొబ్బరి కొవ్వు, వెన్న కాదు. ఇక వెన్న వాదం దేని మీద నిలబెడతారు?

గరిట_గీత: మీరిద్దరూ చరిత్రలో పడి వేఫర్ని మర్చిపోయారు. దానికి శత్రువు నీళ్లు. వెన్నలో కొవ్వు 80 శాతం పైనే, మిగతాది చాలావరకు నీరు. దిమ్మగా వచ్చే మార్జరిన్ కూడా ఇంచుమించు అంతే. డబ్బాల్లో అమ్మే మెత్తటి స్ప్రెడ్‌లో నీళ్లెక్కువ. అది వేస్తే షీట్లు తెల్లారేసరికి చప్పబడతాయి. పంచదారని పొడి మూకుడులో తేనె రంగు వచ్చేదాకా కరిగించి, వేడి పాలు కొంచెం కొంచెంగా పోయండి (చిందుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి). గరిటతో గీస్తే అడుగు కనబడి, గీత కాసేపు నిలవాలి. అప్పుడు దింపి వెన్న, అక్రోటు పొడి కలపండి. గోరువెచ్చగా అయ్యాకే రాయాలి, వేడిగా రాస్తే షీటు వంకర పోతుంది. అంచుల దాకా పల్చగా రాయండి. పైన బేకింగ్ పేపరు, దాని మీద చపాతీ పీట, ఆ పైన బరువు. పళ్లున్న కత్తితో కోస్తే పొరలు విరగవు.

షీట్ల సంగతంటారా, రొమేనియాలోనూ ఎక్కువమంది కొనేదే. ఆత్రేయపురం రేకులు తెప్పించుకుని నెయ్యి, పంచదార వేసి ఇంట్లో చుట్టుకుంటే, అవి ఇంటి పూతరేకులు కావని ఎవరైనా అన్నారా?

అడ్డం_తిరిగే_అబ్బాయి: నీళ్ల మాట ఒప్పుకున్నా. మార్జరిన్ మాట మాత్రం ఒప్పుకోను. నోట్లో ఆ జిడ్డు పొర ఎంతకీ పోదు.

వంట_పిచ్చి: సరే, వెన్నతోనే కానిస్తా.

క్లుజ్_కబుర్లు: కానివ్వండి. రమ్ ఎసెన్స్ మాత్రం మానకండి. అది లేకపోతే మా ఓనరమ్మ వాసన చూసే ప్లేటు పక్కకి జరిపేస్తుంది.