బ్లేడు మధ్యభాగంలో గామా ప్రైమ్ ఘనాలు పొరలుగా మారాయి: దీన్ని నష్టంగా నమోదు చేయాలా?

ప్రశ్న (లోహ పరీక్షకుడు)

వాడకం నుంచి తీసిన ఒక ఏకస్ఫటిక టర్బైన్ బ్లేడును కోసి, పాలిష్ చేసి, ఎచింగ్ (రసాయనంతో ఉపరితలాన్ని కొద్దిగా తొలవడం) తరువాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలిస్తున్నాను. ఇది 3 శాతం రీనియం ఉన్న నికెల్ మిశ్రమలోహం. రూట్ భాగంలో (బ్లేడును డిస్క్‌కు బిగించే అడుగు) గామా ప్రైమ్ ఘనాలు, అంటే లోహానికి బలమిచ్చే నికెల్-అల్యూమినియం కణాలు, దాదాపు అర మైక్రాన్ అంచులతో, గచ్చు మీద బండలు పరచినట్టు వరుసగా ఉన్నాయి. మధ్యభాగానికి వచ్చేసరికి అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, బ్లేడు పొడవుకు అడ్డంగా పొరలు పొరలుగా మారాయి. అయినా రెండు చోట్లా కాఠిన్యంలో తేడా కొద్దిగానే ఉంది, పగుళ్లు కూడా కనిపించడం లేదు. దీన్ని నష్టమని రాయాలా, వాడకంలో సహజంగా వచ్చే మార్పుగా వదిలేయాలా? ఇదే సెట్టులోని మిగతా బ్లేడులకు మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే ఘనాలు తిరిగి వస్తాయా?

సమాధానం (క్రీప్ పరీక్షలు చేసేవాడిని)

మీరు చూసింది రాఫ్టింగ్, అంటే ఘనాలు కలిసి పొరలుగా మారడం. ఈ తరహా మిశ్రమలోహాల్లో చాలావాటికి, పనిచేసే ఉష్ణోగ్రత వద్ద గామా ప్రైమ్ స్ఫటిక జాలకం చుట్టూ ఉన్న గామా (ఘనాల సందుల్లోని మూల లోహం) జాలకం కంటే కాస్త చిన్నదిగా ఉంటుంది. బ్లేడు తిరిగేటప్పుడు అపకేంద్ర బలం దాన్ని పొడవునా లాగుతుంది కాబట్టి, ఆ లాగుడుకు అడ్డంగా ఉన్న గామా సందుల్లో ప్రతిబలం పెరిగి, డిస్‌లొకేషన్లు (స్ఫటిక అమరికలోని గీతల్లాంటి లోపాలు) ముందుగా అక్కడే పోగవుతాయి. ఆ వేడిలో అణువుల వ్యాపనం జోరుగా సాగుతుంది కనుక నిలువు సందులు క్రమంగా మూసుకుపోతాయి, అడ్డ సందులు వెడల్పవుతాయి, పక్కపక్కనున్న ఘనాలు అతుక్కుంటాయి. రూట్ అంత వేడెక్కదు కాబట్టి అక్కడ ఘనాలు నిలిచాయి.

కాఠిన్యాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. గామా ప్రైమ్ మొత్తం తగ్గలేదు, దాని అమరికే మారింది; గది ఉష్ణోగ్రతలో చేసే పరీక్షకు ఆ తేడా సరిగా తెలియదు, క్రీప్‌కు (వేడిలో బరువు కింద లోహం నెమ్మదిగా సాగడానికి) మాత్రం అదే ముఖ్యం. ఉష్ణోగ్రతలో చిన్న పెరుగుదల ఎంత పని చేస్తుందో ఉష్ణోగ్రతను, తెగే కాలాన్ని ముడిపెట్టే లార్సన్-మిల్లర్ సూత్రంలో స్థిరాంకాన్ని 20గా తీసుకుని మీరే లెక్కించి చూడండి: 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద 1000 గంటలు తట్టుకునే ముక్క, అదే ప్రతిబలం కింద 1020 డిగ్రీల వద్ద సుమారు 440 గంటలకే తెగిపోతుంది. అందుకే ఘనాలు ఆగి పొరలు మొదలయ్యే గీత బ్లేడులో ఎక్కడుందో కొలిచి నివేదికలో రాయండి, అది వేడి ఎంత దూరం వెళ్లిందో చూపించే ఆనవాలు.

మరో సమాధానం (మైక్రోస్కోపీ విభాగం)

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట. రాఫ్టింగ్ కనబడిన వెంటనే బ్లేడు పాడైపోయినట్టు కాదు. అధిక ఉష్ణోగ్రత, తక్కువ ప్రతిబలం ఉన్నచోట చెక్కుచెదరని పొరలు డిస్‌లొకేషన్ల పైకెక్కే దారిని కొంతకాలం అడ్డుకుంటాయి. పొరలు వంకరపోయి, గామా ప్రైమే మాతృకగా (చుట్టూ అల్లుకున్న మూల దశగా) మారి గామా అందులో ద్వీపాల్లా మిగిలినప్పుడే క్రీప్ వేగం పుంజుకుంటుంది. రీనియం ఉందన్నారు కాబట్టి, డెండ్రైట్ల (లోహం గడ్డకట్టేటప్పుడు చెట్టుకొమ్మల్లా పెరిగే స్ఫటికాల) నడిభాగంలో, బరువైన మూలకాలను మెరుపుగా చూపే బ్యాక్‌స్కాటర్ చిత్రంలో మెరిసే సూదులు ఉన్నాయేమో వెతకండి. అవి టీసీపీ దశలు, అంటే అణువులు కిక్కిరిసి ఏర్పడే హానికర దశలు. మాతృకకు బలమిచ్చే రీనియం, టంగ్‌స్టన్‌లను అవి తమలోకి లాగేసుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే డెండ్రైట్ల నడిభాగంలో అక్కడక్కడా సూదులు కనిపించాయి. ఒక కొత్త అనుమానం: ముందు అంచు దగ్గర, పూతకు కాస్త లోపల, పొరలు అడ్డంగా కాక బ్లేడు పొడవు వెంబడి నిలువుగా ఉన్నాయి. కోతలో ఏమైనా పొరపాటు జరిగిందా?

సమాధానం (క్రీప్ పరీక్షలు చేసేవాడిని)

పొరపాటు కాదు. వేడెక్కిన పైపొర వ్యాకోచించబోతే, చల్లగా ఉన్న లోపలి లోహం దాన్ని పట్టి ఆపుతుంది. అందువల్ల అక్కడ సంపీడన ప్రతిబలం ఏర్పడి పొరలు నిలువుగా తిరుగుతాయి. ఆ చోటును విడిగా ఫోటో తీసి దాచండి.

హీట్ ట్రీట్‌మెంట్ విషయానికొస్తే, గామా ప్రైమ్ పూర్తిగా కరిగే ఉష్ణోగ్రత దాటించి, తిరిగి ఏజింగ్ (అంతకంటే తక్కువ వేడిలో ఉంచడం) చేస్తే ఘనాలు వస్తాయి. అయితే ప్లాస్టిక్ వికృతి (శాశ్వత ఆకార మార్పు) మిగిలిన చోట ఆ వేడికి కొత్త రేణువులు (వేరే దిశలో అమరిన స్ఫటికాలు) పుట్టే ప్రమాదం ఉంది. ఏకస్ఫటిక లోహంలో రేణువుల సరిహద్దులను బిగించే కార్బన్, బోరాన్ అతి తక్కువగా ఉంటాయి కనుక, అలా పుట్టిన సరిహద్దు వెంట పగులు సులువుగా నడుస్తుంది. ఇక లోపలి సూక్ష్మరంధ్రాలను హాట్ ఐసోస్టాటిక్ ప్రెస్సింగ్ (వేడిలో అన్ని వైపుల నుంచీ వాయు పీడనంతో నొక్కడం) మూయగలదు, ఉపరితలానికి తెరుచుకున్న పగుళ్లను మూయలేదు. కాబట్టి ముందు ఒక్క బ్లేడుకే ఈ ప్రక్రియ చేసి, దాన్ని కోసి, ముందు అంచునూ సూదులు కనిపించిన చోటునూ మళ్లీ చూసి, దాని నుంచి తీసిన నమూనాకు క్రీప్ పరీక్ష పెట్టిన తరువాతే మిగతావాటిని ఫర్నేసులోకి పంపండి.